డిశ్చార్జ్ తర్వాతి ఇలాజ్ ఎవరి ఖర్చు?

దవాఖానాలో "డిశ్చార్జ్" అనగానే మన ఘర్లలో అందరూ అల్‌హందులిల్లాహ్ అంటారు. ఆపరేషన్ అయింది, బిల్లు సర్కారు కట్టింది. కానీ బీమారీ అక్కడితో ఖతం కాదు. గోలీలు మింగాలి, డ్రెస్సింగ్ మార్పించాలి, మళ్లీ చూపించుకోవాలి, అన్నిటికీ మించి పనికి పోకుండా ఇంట్లో ఉండాలి. ఈ రోజుల ఖర్చు ఎవరిది? ఈ సవాల్‌కు మా చిత్తూరు వైపు చాలా పాత తారీఖే ఉంది.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. టీబీకి సరైన మందు లేని జమానా అది. మంచి గాలి, మంచి తిండి, ఆరామ్, ఇదే ఇలాజ్. రోగి నెలల తరబడి అక్కడే ఉండేవాడు, కోలుకోవడం కూడా దవాఖానాలోనే. తర్వాత మందులొచ్చాయి, సర్జరీలు పెరిగాయి, మంచం మీద ఉండే రోజులు తగ్గాయి. మంచిదే. కోలుకునే పని మాత్రం ఇంటికి చేరింది, ఆ బోజు ఎక్కువగా ఔరతుల మీదే పడింది.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, ఆ డిసెంబర్‌లో చిత్తూరుకు వచ్చింది. తిరుపతిలో స్విమ్స్ 1993 నుంచీ ఉంది. అయినా గుండె ఆపరేషన్ అంటే గరీబుకు ముందు అప్పు పుట్టాలి. తెల్లకార్డుతో ఆ భయం తగ్గింది. నేనైతే దాన్ని ఇంక్విలాబ్ అనే అంటాను.

అయితే హిసాబంతా ప్యాకేజీ మీద నడిచింది. డిశ్చార్జ్ తర్వాత పది రోజుల మందులు అందులోనే. కొన్ని బీమారీలకు ఏడాదిపాటు చూపించుకునే ఫాలోఅప్ ప్యాకేజీ కూడా వచ్చింది. ఆ లిస్టులో లేనివాళ్లకు పదకొండో రోజు నుంచి మెడికల్ షాపే దిక్కు. కుప్పం నుంచో పలమనేరు నుంచో తిరుపతికి వస్తే ఒకరోజు కూలీ పోతుంది, తోడొచ్చిన మనిషిదీ పోతుంది. ఇంక రెండోసారి ఎవరొస్తారు?

ఆ కూలీ సంగతి పట్టించుకున్నది ఆరోగ్య ఆసరా. 2019 డిసెంబర్ 2న గుంటూరులో మొదలైంది. కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. లెక్కేస్తే 22 రోజులకే ఆ హద్దు. మేస్త్రీ కూలీ ముందు అది తక్కువే. కానీ మంచం మీద గడిపే రోజులూ ఇలాజ్‌లో భాగమేనని సర్కారీ కాగజ్ ఒప్పుకుంది. కైరోలో 1284లో సుల్తాన్ ఖలావున్ కట్టించిన బీమారిస్తాన్‌లో, ఇంటికి పోయే రోగి వెంటనే మజ్దూరీకి పరుగెత్తకుండా కొంత సొమ్ము చేతిలో పెట్టేవారని చరిత్రకారులు రాస్తారు. అది నడిచింది వక్ఫ్ ఆమ్దనీతో. మన వక్ఫ్ జమీన్ల గతి ఇంకోరోజు మాట్లాడుకుందాం.

స్కీమ్ పేరు మారుతూనే ఉంది. రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్. పేరుతోపాటు రూల్సూ మారతాయి. "మా మామూకు అప్పుడు ఇచ్చారు" అనే మాట పనికిరాదు. అందుకే డిశ్చార్జ్ రోజే ఆరోగ్యమిత్రను అడగండి: మందులు ఎన్ని రోజులకు, ఫాలోఅప్ ఉందా, ఏ తేదీకి రావాలి? డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్ తీసి దాచండి.

బైతుల్‌మాల్ చూసే పెద్దలకు ఒక మాట. ఆపరేషన్‌కు చందా కావాలని అడిగేవాళ్లు మీ దగ్గరికే వస్తారు. ఆపరేషన్ అయిపోయి ఇంట్లో పడుకున్న ఆటో డ్రైవర్ శరమ్‌తో నోరు తెరవడు. అతని ఇంటి కిరాయి ఎంత, గోలీల చిట్టీ ఎంత అని మీరే పోయి అడగండి.