మీది ఏ మిషనండీ?

పాతకాలపు క్రైస్తవులు ఇద్దరు బస్సులో పక్కపక్కన కూర్చుంటే ఊరు, పేరు అయ్యాక మూడో ప్రశ్న ఇదే. మిషన్ దొరలు పెట్టేబేడా సర్దుకుని వెళ్లిపోయి దశాబ్దాలు గడిచినా ప్రశ్న మాత్రం పోలేదు. దానికి జవాబు చాలావరకు భూగోళమే. గుంటూరు, రాజమండ్రి వైపు అయితే లూథరన్. ఒంగోలు, నెల్లూరు, నల్గొండ, పాలమూరు అయితే అమెరికన్ బాప్టిస్టు. కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా కెనడియన్ బాప్టిస్టు. బందరు, దోర్నకల్, మెదక్ అయితే 1947 తర్వాత చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే సి.ఎస్.ఐ. ఒకరి పొలంలో ఇంకొకరు విత్తనం చల్లకూడదని మిషన్లు తమలో తాము గట్లు వేసుకున్నాయి. మా తాత గట్టుకి ఏ పక్కన పుట్టాడన్న దాన్నిబట్టి మా సిద్ధాంతం తేలిపోయింది.

ఆ గట్లు కొన్ని 1964లో రాజమండ్రిలో తెగాయి. ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజ్ పుట్టింది అలాగే. ప్రిన్సిపాళ్ల పట్టికలు, తీర్మానాలు, భవనాల శంకుస్థాపనలు రాయడానికి నాకంటే తగినవాళ్లున్నారు. నాకు తెలిసింది అక్కడి హాస్టల్లో ఒక గది కథ. అందులో ఇద్దరు ఉండేవారు. ఒకరు మా నాన్న, ఒంగోలు వైపు బాప్టిస్టు. రెండోవారు మా మేనమామ, తెనాలి వైపు లూథరన్. అప్పటికి మేనమామ కాదు, వట్టి రూమ్మేటు.

ఆ గదిలోకి ఎవరూ చేతులూపుకుంటూ రాలేదు. ప్రతివాడూ తన మిషన్ చరిత్రని ట్రంకుపెట్టెలో మోసుకొచ్చాడు. బాప్టిస్టుల పెట్టెలో రామాయపట్నం ఉంది. ఇప్పుడు పోర్టు కడుతున్న రామాయపట్నమే. 1870లలో ఆ సముద్రపు ఒడ్డున బోధకుల కోసం బడి పెట్టారు. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగాన్ని ఒంగోలు మిషనరీ క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. గంజి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని అంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు. ఆ ఏటి పొడుగునా ఉన్న మాదిగపల్లెల్లో ఆ సంఖ్య తెలియని ముసలివాళ్లు ఉండేవారు కాదు. బాప్తిస్మం ఒకరోజు పని, తర్వాత ఆ 2,222 మందికి చదువు చెప్పాల్సింది ఎవరు? రామాయపట్నం బడి బరువంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

లూథరన్ల పెట్టెలో 1842లో గుంటూరులో అడుగుపెట్టిన హయ్యర్ దొర, ఆ వెనక రాజమండ్రిలో లూథర్‌గిరి ఉన్నాయి. కొత్త కాలేజీ మొదట నడిచింది లూథర్‌గిరిలోనే కాబట్టి మామయ్య ఆతిథ్యం ఇచ్చేవాడిలా ఠీవిగా ఉండేవాడట.

దోర్నకల్ పెట్టె వేరే రకం. బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యది తిరునల్వేలి, తమిళుడు. నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. దోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద గుడి పాతికేళ్లు సాగి 1939లో ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు చూస్తే మసీదు, స్తంభాలు చూస్తే కోవెల గుర్తొస్తాయి. ఆ వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆ గుడిని తామే కట్టినట్టు మాట్లాడేవారని నాన్న నవ్వుతూ చెప్పేవారు. కాకినాడ వైపు బాప్టిస్టులూ చేరారు. నాన్నకి వాళ్లు సిద్ధాంతంలో అన్నదమ్ములు, వంటలో పరాయివాళ్లు. కూరలో బెల్లం వేస్తే ఒంగోలు మనిషి ఓర్చుకుంటాడా?

నిజానికి మొదటి ఐక్యత తరగతి గదిలో కుదరలేదు, మెస్సులో కుదిరింది. ప్రార్థన చేశాక తినాలన్న దాంట్లో భేదం లేదు. ఎంత పొడుగు ప్రార్థన అన్న దాంట్లో ఉంది. లూథరన్లు నోటికి వచ్చిన చిన్న ప్రార్థన ఒకటి అందరూ కలిసి చెప్పి కంచంలో చెయ్యి పెట్టేవారు. బాప్టిస్టు లేచి నిలబడి చేశాడంటే ఒంగోలు నుంచి అస్సాం దాకా అందరి క్షేమం అడిగేవాడు, ఈలోపు పప్పు చల్లారేది. కొన్నాళ్లకి వంటవాడే ఒక పద్ధతి కనిపెట్టాడని మామయ్య చెప్పేవాడు. ప్రార్థన వంతు బాప్టిస్టుదైతే సాంబారు ఆలస్యంగా తెచ్చేవాడట.

బల్ల దగ్గర మాత్రం నవ్వులాట కాదు. నాన్న పెరిగిన గుడిలో ప్రభురాత్రి భోజనం అంటే అందరూ బెంచీల్లో కూర్చునే ఉంటారు. పళ్లెంలో చిన్న చిన్న గ్లాసులు చేతులు మారుతూ వస్తాయి. మామయ్య గుడిలో లేచి వెళ్లి బలిపీఠం ముందు మోకరించాలి, ఒకటే పాత్ర. అక్కడ తెల్ల అంగీ, చేతిలో ఆరాధన క్రమం. ఇక్కడ పంచె, కోటు, నోటి మాట. మొదటిసారి లూథరన్ల క్రమంలో మోకరించినప్పుడు, ఊళ్లో అమ్మకి తెలిస్తే ఏమంటుందోనని భయపడ్డానని నాన్న చెప్పారు. దేవుడి భయం కాదు, అమ్మ భయం. మన సంఘభేదాల్లో సగం చోట్ల దీన్నే సిద్ధాంతం అని పిలుస్తామని నా అనుమానం.

గ్రీకు అందరికీ సమానంగా కష్టం కాబట్టి అది అందరినీ కలిపింది. గ్రీకు వ్యాకరణం చదివే ప్రతివాడూ మొదట బట్టీపట్టే క్రియ 'లుఓ', అంటే విప్పుతున్నాను. లుఓ, లుఏయిస్, లుఏయి అని తెల్లారుజామున వరండాలో తిరుగుతూ వల్లె వేస్తుంటే పాలు పోసే మనిషి అదేదో మంత్రం అనుకుందట. హీబ్రూకి వచ్చేసరికి తెలంగాణ నుంచి వచ్చినవాళ్లది పైచేయి. నిజాం కాలపు బడుల్లో ఉర్దూ చదివినవాడికి కుడి నుంచి ఎడమకి చదవడం కొత్త కాదు కదా.

శనివారం మధ్యాహ్నం సైకిళ్లు బయటికి వచ్చేవి. ఊళ్లకి పోవాలి, ఆదివారం ఆరాధన చేయించాలి, సోమవారం తరగతికి అందుకోవాలి. గ్రీకులో నూటికి ఎనభై తెచ్చుకున్నవాడు ఊళ్లో బిక్కమొహం వేసేవాడు. లుఏయిస్ అంటే ఏమిటో ఎరగని ఇంకొకడు గుమ్మెట మోతతో బుర్రకథ ఎత్తుకుంటే తప్పిపోయిన కుమారుడి కథకి పల్లెపల్లే కదిలొచ్చేది. ఎవరు బోధకుడవుతాడో పరీక్ష పేపరు చెప్పలేదన్నది నాన్న అనుభవం. పేపరు దిద్దేవాళ్లకీ ఆ సంగతి తెలిసే ఉంటుంది.

పాట దగ్గర మాత్రం గొడవే లేదు. క్రైస్తవ కీర్తనల పుస్తకం అన్ని మిషన్లకీ ఉమ్మడి ఆస్తి. పురుషోత్తమ చౌదరి కీర్తన మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి కానీ, రాసినాయన ఏ మిషనో అడిగి పాడినవాళ్లని నేను చూడలేదు. కాలేజీ పుట్టకముందే తెలుగు క్రైస్తవులకి ఒక ఐక్య సంఘం ఉందంటే అది ఆ పుస్తకమే. 1964లో పెద్దలు చేసింది, పాటలో ఏనాడో ఒప్పుకున్నదాన్ని కాగితం మీద ఒప్పుకోవడం.

మాట దగ్గర చిక్కు వచ్చింది. డిగ్రీ ఇచ్చేది సెరాంపూరు. విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో పెట్టిన కాలేజీ అది. ఊరు అప్పట్లో డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉండేది కాబట్టి 1827లో డెన్మార్క్ రాజు పట్టా ఇచ్చి డిగ్రీల అధికారం కలిగించాడు. తెలుగుకి ఆ ఊరితో చుట్టరికం ఇంకా పాతది. 1812లో అక్కడి అచ్చుకూటం తగలబడినప్పుడు కేరీ రాసిన తెలుగు వ్యాకరణం ప్రతి కూడా బూడిదైంది. ఆయన మళ్లీ కూర్చుని రాసి 1814లో అచ్చేయించాడు. 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడే అచ్చయింది. అంత పట్టుదల ఉన్న ఊరి డిగ్రీకి మన పిల్లలు ఇంగ్లీషులో వ్యాసాలు రాసి, ఆదివారం వాటిని మనసులోనే తెలుగులోకి తిప్పుకుని చెప్పేవారు. ఆ తిప్పుడులో సగం సారం కారిపోయేది. 'థియాలజీ'కి సరైన తెలుగు మాట ఏదన్న దగ్గరే తగాదా. దైవశాస్త్రం అనాలని కొందరు, వేదాంతం అనాలని కొందరు. రాజమండ్రిలో వేదాంతం చదువుతున్నానని నాన్న రైల్లో ఎవరితోనో అంటే, ఆయన శంకరుడా, రామానుజుడా అని అడిగాడట.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. కాలేజీ పుట్టిన ఆ 1964లోనే గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర'కి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వినుకొండ మనిషి, అంటరానితనం అనుభవించిన మనిషి, క్రీస్తుని తెలుగు పద్యంలో నిలబెట్టాడు. తిప్పుడు లేదు, ఇంగ్లీషు నీడ లేదు. పల్పిట్ తెలుగు ఎలా ఉండాలో నేర్చుకోవాలంటే ఆ పుస్తకం చాలదా అని నాన్న అనేవారు. మామయ్య ఒప్పుకునేవాడు కాదు. "పద్యంలో ప్రసంగం చేస్తే కానుక పడదు బావా" అనేవాడు.

1973లో కాలేజీ హైదరాబాదుకి మారింది. గోదావరి గట్టు పోయి హుస్సేన్‌సాగర్ కట్ట వచ్చింది. అదేమి కాలమో గుర్తు చేసుకోండి. జై ఆంధ్ర ఉద్యమం, రైళ్లు ఆగిపోవడం, రాష్ట్రం చీలిపోవాలన్న కేకలు. ఆ రోజుల్లో పేరులో ఆంధ్ర ఉన్న కాలేజీ తెలంగాణ నడిబొడ్డుకి సామాను చేర్చుకుంది. 2014లో రాష్ట్రం నిజంగానే రెండయింది, కాలేజీ మాత్రం అదే పేరుతో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరే ఉంది. శ్రీకాకుళం కుర్రాడికీ, పాలమూరు కుర్రాడికీ ఇంకా ఒకటే హాస్టలు. కట్ట మీదికి ఎక్కితే విగ్రహాల వరసలో జాషువా కూడా ఉన్నాడు.

ఊళ్లలో జరిగిందంతా ఆ చదువుకి కూడా తగిలింది. 1985 కారంచేడు, 1991 చుండూరు దళిత హత్యాకాండల తర్వాత, పాపం అంటే మనిషి మనసులో ఉండే చెడ్డ ఆలోచన మాత్రమే అని తెలుగు నేల మీద ఎవరైనా ఎలా చెప్పగలరు? మన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్లే. దళిత దైవశాస్త్రం బయటి నుంచి వచ్చిన ఫ్యాషన్ అని సణిగే పెద్దలు నాకు తెలుసు. గుండ్లకమ్మలో దిగిన ఆ 2,222 మంది ఎవరో వాళ్లు మర్చిపోయారనుకోవాలి.

ఆడవాళ్ల సంగతి ఈ చరిత్రలో అన్నిటికంటే ఆలస్యం. రాజమండ్రిలోనే షార్లెట్ స్వెన్సన్ పేరుతో స్త్రీలకి బైబిల్ శిక్షణ పాఠశాల ఉండేది. అక్కడి నుంచి వచ్చిన బి.వి. సుబ్బమ్మగారు రాసిన పుస్తకాలు, నడిపిన ఆశ్రమం విదేశాల్లో కూడా తెలుసు. అయినా మగవాడు 'అయ్యగారు' కావడానికి కాలేజీ ఉంది. అతన్ని పెళ్లాడి 'అమ్మగారు' అయిన మనిషి సండేస్కూలు, స్త్రీల సమాజం, చావు ఇళ్లు, పురిటి ఇళ్లు అన్నీ చూసుకున్నా ఆమెకి జీతం లేదు, పదవి లేదు. సి.ఎస్.ఐ. 1976లో తొలి స్త్రీకి గురు అభిషేకం ఇచ్చింది. 2013లో నంద్యాలకి పుష్పలలితగారు బిషప్ అయ్యారు, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్ తెలుగు మనిషే. మా అమ్మ ఆ వార్త పేపర్లో చదివి, కత్తిరించి, బైబిల్లో పెట్టుకుంది. ముప్పై ఏళ్లు జీతం లేకుండా పనిచేసిన మనిషి ఆ కాగితాన్ని ఎలా చదివిందో నేను ఊహించగలను.

అమ్మ ఆ గదికి చుట్టం కాబట్టే మా ఇంటికి వచ్చింది. సెలవుల్లో రూమ్మేటుని తెనాలి తీసుకెళ్లిన మామయ్య తన చెల్లెల్ని ఇచ్చి పెళ్లి చేశాడు. "మిషన్ వేరు కదరా" అని రెండు వైపులా పెద్దలు అన్నారు. "ఒకే కంచం కాకపోయినా ఒకే మెస్సు" అని మామయ్య జవాబు. పెళ్లి లూథరన్ క్రమంలో జరిగింది, ప్రసంగం బాప్టిస్టు అయ్యగారిది. భోజనాలు ఆలస్యమయ్యాయని వేరే చెప్పాలా?

తొలి కాన్పు పుట్టింట్లో కాబట్టి నేను తెనాలి దగ్గర పుట్టాను. నాన్న వచ్చేసరికి నాకు ఇరవై ఒక్క రోజులు నిండాయి. తలమీద నీళ్లు కూడా పడిపోయాయి. మామయ్యే చేయించాడు. చిలకరింపు బాప్తిస్మం బాప్తిస్మమే కాదని మూడేళ్లు వాదించిన మనిషి, బిడ్డని ఎత్తుకుని చాలాసేపు ఏమీ అనలేదట. తర్వాత "నీళ్లు ఇంకొంచెం పొయ్యకపోయావా బావా" అన్నారట. పధ్నాలుగేళ్లు వచ్చాక నా ఇష్టం అడిగి నాన్నే నన్ను గుండ్లకమ్మలో ముంచారు. గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడింది మామయ్య.

ఇప్పటికీ ఏ సంఘం దరఖాస్తులోనైనా 'బాప్తిస్మం తేదీ' అన్న గడి వస్తే నా పెన్ను ఆగుతుంది. గడి చిన్నది, తేదీలు రెండు. అప్పుడు కాగితం పైన ఏ మిషన్ పేరు అచ్చేసి ఉందో చూసుకుంటాను.