బావురుపిల్లి నుంచి బెంగాల్ పిల్లి దాకా



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వారికి పిల్లి కొత్త కాదు. వడ్లు నిలవచేసే ఇళ్లలో, నూలు ఉండే మగ్గాల ఇళ్లలో, మనం పనిచేసిన కచ్చేరీల రికార్డు గదుల్లో ఎలుకల బాధ తప్పించేది అదే. లండన్ తపాలా శాఖ వారి మనీ ఆర్డర్ కార్యాలయంలో 1868లో మూడు పిల్లులను వారానికి ఒక షిల్లింగు భత్యంతో కొలువులోనే పెట్టుకున్నారు.

ఇప్పుడు మన మనుమల ఇళ్లకు వస్తున్నది వేరే రకం. ఇంటి పిల్లికి, అడవి పిల్లికి పుట్టిన సంకరజాతి. ఆసియా అడవుల్లో ఇంటి పిల్లి అంతే ఉండి, ఒంటినిండా మచ్చలు గల చిరుతపిల్లి ఉన్నది. 1963లో అమెరికాలో జీన్ మిల్ అనే ఆవిడ దానిని ఇంటి పిల్లితో కలిపి సంకరం చేశారు. 1980 దశకంలో ఆ పని మళ్లీ చేపట్టి, ఢిల్లీ జంతు ప్రదర్శనశాలలో తిరుగుతున్న ఒక మచ్చల వీధిపిల్లిని కూడా తీసుకుపోయి ఆ వంశంలో కలిపారు. చిరుతపిల్లి శాస్త్రనామంలో బెంగాల్ పేరున్నందున ఈ జాతికి బెంగాల్ పిల్లి అని పేరు వచ్చింది. మన చెరుకు తోటల్లో, చెరువు కట్టల మీద తిరిగే బావురుపిల్లి జాతితో చేసిన సంకరాన్ని ‘చౌసీ’ అంటారు. అమెరికాలోని ఒక పిల్లుల సంఘం 1995లో దానిని నమోదు చేసింది.

మొదటి మూడు తరాల్లో అడవి గుణం ఎక్కువ. మగవి సాధారణంగా గొడ్డువి. నాలుగో తరం నుంచే ఇంట్లో పెంచదగినవిగా లెక్క.

హైదరాబాదులో ఉండే మా మనుమడు అమెరికా వెళ్లినప్పుడు అతని బెంగాల్ పిల్లి రెండు నెలలు జగిత్యాలలో మా ఇంట్లో ఉన్నది. బీరువా మీది నుంచి అటక మీదికి దూకేది. బకెట్లో నీళ్లు కనబడితే కాళ్లు ముంచి ఆడేది. తెల్లవారుజామున నాలుగింటికే ఇల్లంతా పరుగు. మా ఇంటావిడకు మోకాళ్ల నొప్పులు. చీకట్లో లేచినప్పుడు కాళ్లకు అడ్డం పడి పడవేస్తుందేమోనని నాకు భయం పట్టుకున్నది. అది పొగరు కాదు, వేటాడే జంతువు స్వభావం. అందుకని రాత్రి పడుకునే ముందు దారానికి ఈక కట్టి పావుగంట ఆడించి, ఆ తర్వాతనే తిండి పెట్టసాగాము. వేట, తిండి, నిద్ర, ఇదీ దాని వరుస. వారం రోజుల్లో కుదుటపడింది. మంచం పక్కన చిన్న బల్బు, కిటికీలకు జాలీలు కూడా పెట్టించాము.

పిల్లి పదిహేనేళ్లయినా బతుకుతుంది. కొనేది పిల్లలు, సాకవలసి వచ్చేది తరచుగా మనమే. కాబట్టి తేవడానికి ముందే అన్నేళ్లు ఎవరు చూస్తారో ఇంట్లో మాట్లాడుకోవాలి. ఎన్నో తరానిదో కాగితం చూపమని అడగాలి.

ఇంకొక మనవి. చెరుకు కోతల్లో కనబడే బావురుపిల్లి పిల్లలను ముద్దొచ్చి ఇంటికి తేవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. తల్లి చాలావరకు ఆ దగ్గరలోనే ఉంటుంది. వాటిని అక్కడే వదిలి, అవసరమైతే అటవీశాఖ వారికి కబురు చేయండి.