కొల్లేటి చేపల పుండ్లు – ఉప్పు, సున్నం



ఆమధ్య నా పూర్వ విద్యార్థి ఒకడు బెంగుళూరు నుండి ఒక ఛాయాచిత్రం పంపాడు. గాజుతొట్టిలో బల్లి ఆకారపు జీవి. మెడకు రెండు ప్రక్కలా ఈకల వంటి మొప్పలు. వాళ్ళబ్బాయి ముచ్చటపడి పెంచుకొంటున్న ఆక్సోలోటల్ అట. కాలికి గాయమై, మొప్పమీద తెల్లని దూదిపింజ వంటిది పట్టింది. "మాస్టారూ! మన ఉండి చెరువుల్లో చేపలకు ఇలా బూజు పడితే పెద్దవాళ్ళు ఏం చేసేవారు?" అని అడిగాడు. నేను వైద్యుణ్ణి కాను. కానీ ఆ ప్రశ్నకు మా ప్రాంత చరిత్రలో ఒక సమాధానం ఉన్నది.

ముందు మాట సంగతి. శిలీంధ్రం అనగానే నేడు మనకు పుట్టగొడుగు, బూజు తోస్తాయి. సంస్కృత నిఘంటువులలో ఆ శబ్దానికి అరటిపువ్వు అనీ, ఒకానొక చేప అనీ కూడా అర్థాలున్నాయి. చేపకూ, చేపను పట్టే బూజుకూ ఒకే పేరు కావడం చిత్రమే. అంతకంటె చిత్రమేమంటే, చేపల నాశ్రయించే ఈ బూజులలో ముఖ్యమైనవి అసలు శిలీంధ్రాలే కావని నేటి శాస్త్రం చెబుతున్నది. వాటి కణాల గోడలలో సెల్యులోజు ఉంటుంది. అవి గోధుమరంగు నాచులకు బంధువులు. నీటిలో ఈదగల బీజాలను వదలి వ్యాపిస్తాయి. నీటిబూజు అనడమే సబబు.

ఈ వంశం గోదావరి డెల్టాకు కొత్తది కాదు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో ఇక్కడి తాటిచెట్లు మొవ్వు కుళ్ళి వరుసగా కూలిపోయాయి. పూసా పరిశోధనాలయంలోని బట్లర్ దొర దానికి కారణమైన జీవిని గుర్తించి 1907లో పేరు పెట్టాడు. అదీ ఈ నీటిబూజుల జాతిదే. తెగులు సోకిన చెట్ల తలలు నరికి కాల్చివేయడమే ఆనాటి చికిత్స. చెట్టుకైతే ఆ ఉపాయం ఉన్నది. నీళ్ళలో తిరిగే చేపకు ఎవరు ఏం చేయగలరు?

ఆ పరీక్ష ఎనభై ఏళ్ళ తరువాత వచ్చింది. 1971లో జపానులోను, 1972లో ఆస్ట్రేలియాలోను చేపల ఒంటిమీద ఎర్రని పుండ్లు కనిపించాయి. ఆ తెగులు ఆగ్నేయాసియా దేశాలు దాటి 1988లో బంగ్లాదేశ్‌కూ, ఆ యేడే మన ఈశాన్య రాష్ట్రాలకూ, బెంగాలుకూ ప్రాకింది. 1990ల ఆరంభంలో మన తీరాన్నీ తాకింది. ముందుగా బలయినవి కొర్రమీను, మట్టగిడస, పరిగె వంటి నాటుచేపలు. మొదట చర్మంపై ఎర్రమచ్చ. తరువాత పొలుసులు రాలి పుండు. చివరకు కండ కరిగి ఎముక బయటపడడం. విచిత్రంగా, విదేశీ చేపలైన తిలాపియాకు, బంగారుతీగకు ఇది అంతగా సోకదు.

మనుషులకు ఇది అంటదు. అయినా ఆ పుండ్లు చూసిన కంటికి చేప నోట బెట్టబుద్ధి కాదు. తెగులు వచ్చిన చోటల్లా మంచి చేపను కూడా కొనేవారు లేకపోయారు. చెరువున్నవాడికి అది ఒక పంట నష్టం. నాటుచేప పట్టి ఏ పూటకా పూట అమ్ముకొనే వాడికి అది పొయ్యిలో పిల్లి లేవకపోవడమే.

కారణం తేలడానికి చాలాకాలం పట్టింది. వైరసు అన్నారు, బాక్టీరియా అన్నారు, పొలాల పురుగుమందులన్నారు. చివరకు అఫనోమైసిస్ అనే నీటిబూజు అసలు దోషి అని 1990ల నడుమ స్థిరపడింది. అయితే అది ఒంటరిగా గెలవదు. వానల తరువాత నీటి గుణం మారి పులుపు హెచ్చాలి. చలికి చేప రోగనిరోధక శక్తి మందగించాలి. వలరాపిడికో, పురుగుకాటుకో చర్మం చిట్లాలి. అప్పుడే ఆ బీజం లోపలికి దిగుతుంది. పుండు చేప ఒంటిమీద కనబడినా, రోగం మొదలయ్యేది నీటిలోనే.

చికిత్సా అందుకే నీటికే చేశారు. కాల్చిన సున్నం చల్లితే నీటి పులుపు విరిగింది. దేశంలో పలుచోట్ల సున్నంతో పసుపు కలిపి చల్లారు. పిల్లచేపలను చెరువులో వదిలే ముందు ఉప్పునీట కొద్ది నిమిషాలు ముంచి తీశారు. వెయ్యిపాళ్ళ నీటికి రెండుపాళ్ళ ఉప్పు మించితే ఈ బూజు బీజాలు వదలలేదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య సంస్థ 'సిఫాక్స్' అనే మందును తయారుచేసింది. మాలకైట్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగు బూజును చంపుతుంది కాని, విషగుణం వల్ల తినే చేపలకు నిషిద్ధమైంది.

గట్టుకట్టిన చెరువుకు ఎవరైనా సున్నం చల్లగలరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే కొల్లేటికి ఎవరు చల్లగలరు? 1970ల నుండి సరస్సులోకి చేపల చెరువులు చొచ్చుకొచ్చాయి. 1999లో అభయారణ్యమని ప్రకటించారు; 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు; 2006లో గట్లు తెగ్గొట్టారు. ఈ సంవత్సరాలన్నిటా వాదులాట నేల కొలతల మీదనే సాగింది. నీటి ఆరోగ్యం గురించి జరిగిన చర్చ తక్కువ.

ఆ తొట్టిలోని జీవి పుట్టిల్లు మెక్సికో నగరం చెంతనున్న షోచిమిల్కో. ఒకప్పటి మహాసరస్సు ఎండి, కాలువలు మాత్రమే మిగిలిన చోటు. 1864లో అక్కడినుండి పారిస్ చేరిన కొన్ని ఆక్సోలోటళ్ళ సంతతి లోకమంతా పరిశోధనాలయాల్లో వర్ధిల్లింది. పుట్టిన కాలువల్లోనో, చదరపు కిలోమీటరుకు 1998లో సుమారు 6,000 ఉన్నవి 2014 నాటికి 36కు పడిపోయాయి. తెగిన కాలును తిరిగి మొలిపించుకొనే ప్రాణి కూడా చెడిన నీటికి తట్టుకోలేకపోయింది.

నా విద్యార్థికి ఇలా వ్రాశాను: "నాయనా, ముందు నీళ్ళు మార్చు. చల్లగా ఉంచు. జబ్బుపడిన దాన్ని వేరే తొట్టిలో పెట్టు. ఉప్పునీటి స్నానం ఎంతసేపో పశువైద్యుణ్ణి అడిగి చేయించు. ఆకుపచ్చ మందు జోలికి పోకు, మెత్తని చర్మానికి అది విషం. కాలి గాయం సంగతి అదే చూసుకొంటుంది."

వారం తరువాత తెల్లబూజు పోయిందని కబురొచ్చింది. సంతోషం. తొట్టిలో నీళ్ళు మార్చడానికి ఒక పిల్లవాడు చాలు. కొల్లేటి నీటికి ఆ పిల్లవాడు ఎవరో మనమే తేల్చుకోవాలి.

సెలవు.