వరంగల్లులో బృందగానం

బృందగానం అనగా పలువురు గాయకులు ఒకరి నడిపింపులో ఒకే గీతాన్ని కలిసి ఆలపించడం. దీనిని సమూహగానం, సామూహిక గానం అని కూడా అంటారు. చర్చిలలో పాడే బృందాన్ని గాయక బృందం లేదా క్వయర్ అని, దానిని నడిపించే వ్యక్తిని క్వయర్ మాస్టర్ అని పిలుస్తారు. వరంగల్లు, హనుమకొండ, కాజీపేట అను మూడు పట్టణాల కలయికగా పెరిగిన నగరంలోను, దాని చుట్టూ ఉన్న పూర్వపు వరంగల్లు జిల్లాలోను బృందగానం ముఖ్యంగా మూడు రూపాలలో కనిపిస్తుంది. అవి జానపదుల వంతపాట, చర్చిలలోని కీర్తన, పాఠశాలలలోని ప్రార్థన మరియు దేశభక్తి గేయం. ఈ మూడింటికీ ఒక సామాన్య లక్షణం కలదు. పాటలోని మాటలు పుస్తకంలోనో పదిమంది జ్ఞాపకంలోనో ఉంటాయి. పాట వరుస మాత్రం చాలావరకు నడిపించేవారి గొంతులోనే ఉంటుంది. అందుచేత బృందగాన చరిత్ర అంటే ఆ బృందాలను నడిపినవారి చరిత్ర కూడా అవుతుంది.

స్వరూపం

పాశ్చాత్య దేశాల చర్చి సంగీతంలో బృందాన్ని సాధారణంగా నాలుగు గొంతులుగా విభజిస్తారు. స్త్రీలలో హెచ్చు స్థాయిని సొప్రానో అని, తగ్గు స్థాయిని ఆల్టో అని, పురుషులలో హెచ్చు స్థాయిని టెనర్ అని, తగ్గు స్థాయిని బేస్ అని అంటారు. ఈ నాలుగు వర్గాలవారు ఏకకాలంలో వేర్వేరు స్వరాలు పాడగా అవి కలిసి ఒక నిండైన ధ్వని ఏర్పడుతుంది. ఇది స్వరమేళన పద్ధతి. తెలుగువారి బృందగానం ప్రధానంగా ఏకస్వర పద్ధతికి చెందినది. అందరూ ఒకే వరుసను పాడతారు. స్త్రీలు, పిల్లలు పై స్థాయిలోను, పురుషులు కింది స్థాయిలోను పాడినప్పటికీ స్వరం మారదు.

దీనికి కారణం రాగపద్ధతిలోనే ఉన్నది. ఉదాహరణకు మోహన రాగంలో స, రి, గ, ప, ధ అను ఐదు స్వరాలు మాత్రమే ఉంటాయి. పాశ్చాత్య పద్ధతిలో పంచమం మీద నిలిపే స్వరసముదాయానికి ప, ని, రి కావలెను. మధ్యమం మీద నిలిపేదానికి మ, ధ, స కావలెను. మోహనలో నిషాదమూ లేదు, మధ్యమమూ లేదు. వాటిని చేర్చితే రాగచ్ఛాయ చెదిరిపోతుంది. గమకాలతో కూడిన వరుసలకు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. కాబట్టి తెలుగు పాటకు స్వరమేళనం కూర్చేవారు ఏ స్వరాన్ని చేర్చవచ్చునో, దేనిని విడిచిపెట్టవలెనో ముందుగా నిర్ణయించుకొనవలసి ఉంటుంది.

జానపద మూలాలు

ఈ ప్రాంతంలో బృందగానం చర్చిలతోనో బడులతోనో పుట్టినది కాదు. ఒకరు ఎత్తుకొనగా మిగిలినవారు అందుకొనే వంతపాట ఇక్కడి జానపద కళలకు ఆధారం. బుర్రకథలో ప్రధాన కథకునికి ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుని పాటను బృందంలోనివారు అందుకొని, డోలు వాద్యంతో సాగిస్తారు. జనగామ ప్రాంతానికి చెందిన ఒగ్గుకథా కళాకారుడు చుక్క సత్తయ్య (మరణం 2017) ఈ కళకు జాతీయ స్థాయిలో గుర్తింపు తెచ్చినారు. వారికి సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించినది.

బతుకమ్మ పండుగను ఈ ప్రాంతపు అతిపెద్ద బృందగానంగా చెప్పవచ్చును. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిది దినాలలో స్త్రీలు వలయంగా తిరుగుతూ, చప్పట్లతో లయ వేస్తూ పాడతారు. హనుమకొండలోని వేయిస్తంభాల గుడి ఆవరణలో జరిగే బతుకమ్మకు వేలాదిగా స్త్రీలు తరలివస్తారు. ఇక్కడ వేదిక లేదు, హార్మోనియం లేదు, నాయకురాలు అను పదవి కూడా లేదు. అయినను ప్రతి వలయంలోను పాట ఎత్తుకొనే ఒక పెద్దామె ఉంటుంది. ఆమె ఒక పాదం పాడగా మిగిలినవారు పల్లవితో బదులు పలుకుతారు. ఆమెకు గుర్తున్నంత వరకే పాట సాగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించినది.

చర్చి గాయక బృందాలు

అమెరికన్ బాప్టిస్టు మిషనువారు 1879లో హనుమకొండలో తమ కేంద్రాన్ని నెలకొల్పినారు. వారి ఆరాధనలలో ఆంగ్ల స్తోత్రాల అనువాదాలతో పాటు తెలుగు కీర్తనలు కూడా చోటుచేసుకొన్నవి. తెలుగు క్రైస్తవ కీర్తనలకు ఆద్యునిగా పురుషోత్తమ చౌదరి (1803-1890) పేర్కొనబడినారు. వారు పల్లవి, చరణాలు గల దేశీయ కీర్తన రూపాన్నే స్వీకరించి, రాగతాళాలను నిర్దేశించి రచనలు చేసినారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథం నేటికీ వివిధ శాఖల చర్చిలలో వాడుకలో ఉన్నది. అందులో కీర్తనల తలకట్టున రాగం, తాళం ఇవ్వబడినవి.

వరంగల్లుకు ఆగ్నేయంగా ఉన్న దోర్నకల్ (ప్రస్తుతం మహబూబాబాద్ జిల్లా) ఈ చరిత్రలో ముఖ్యమైన స్థలం. 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874-1945) ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. వారు దోర్నకల్ కేంద్రంగా పనిచేస్తూ ఆరాధనలో తెలుగు కీర్తనలను, భజన పద్ధతిని, గ్రామీణులకు తెలిసిన కళారూపాలను ప్రోత్సహించినారు. చదువురాని గ్రామస్తులు అధికంగా గల సంఘాలలో పాటయే పాఠ్యపుస్తకం కావడం ఇందుకు కారణం. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ కథీడ్రల్ కట్టడంలో కూడా హిందూ, ముస్లిం, క్రైస్తవ శిల్పరీతుల కలయిక కనిపిస్తుంది.

వరంగల్లు కాథలిక్ మేత్రాసనం 1952లో హైదరాబాదు మేత్రాసనం నుండి వేరుచేయబడి ఏర్పడినది. కాథలిక్ పూజ అప్పటికి లాటిను భాషలో జరిగేది. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన ఆరాధనా శాసనం దేశభాషల వాడుకకు అవకాశం ఇచ్చినది. అటుపిమ్మట ప్రవేశ గీతం, అర్పణ గీతం, సత్ప్రసాద గీతం మొదలైనవి తెలుగులోనే పాడే అవకాశం కలిగినది. దీనితో గాయక బృందాల బాధ్యత పెరిగినది. లాటిను గానానికి వందల ఏండ్ల వరుసలు సిద్ధంగా ఉండగా, తెలుగు పూజకు వరుసలు కొత్తగా కట్టుకొనవలసి వచ్చినది.

చర్చి గాయక బృందానికి ఏడాదిలో కొన్ని ముఖ్య సందర్భాలు కలవు. డిసెంబరు నెలలో బృందం రాత్రివేళ ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడుతుంది. శుభ శుక్రవారం నాటి పాటలు నిదానమైన నడకతో, వాద్యాల ఆర్భాటం తగ్గించి సాగుతాయి. ఈస్టరు నాటి పాటలు ఉత్సాహంగా ఉంటాయి.

పాఠశాలలు

పాఠశాలలో ఉదయపు ప్రార్థన సమావేశం ప్రతి విద్యార్థికి తొలి బృందగాన అనుభవం. మిషను పాఠశాలలలో సంగీతానికి సమయపట్టికలో స్థానం ఉండటం సాధారణం. సంగీత ఉపాధ్యాయుల పోస్టులు అన్ని ప్రభుత్వ పాఠశాలలలో లేవు. అటువంటి చోట్ల తెలుగు ఉపాధ్యాయులో, గొంతు బాగున్న మరెవరో ఆ పనిని స్వచ్ఛందంగా చేపడతారు. ఆగస్టు 15, జనవరి 26 వేడుకలకు పిల్లలను సిద్ధం చేసేది వారే. వారు బదిలీ అయినచో ఆ బడిలో పాట చాలాకాలం మూగబోవడం కద్దు.

కలిసి పాడటం కొన్ని సందర్భాలలో శిక్షకు గురైన సంగతి కూడా ఈ ప్రాంత చరిత్రలో ఉన్నది. నిజాం పాలనలో 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతి గృహాలలో విద్యార్థులు వందేమాతరం పాడినందుకు బహిష్కరింపబడినారు. పలువురు చదువు కొనసాగించుటకు నాగపూరు వెళ్లవలసి వచ్చినది. హనుమకొండలో చదువుకొని, తరువాతి కాలంలో భారత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఆ ఉద్యమంలో పాల్గొన్న విద్యార్థులలో ఒకరు.

పిల్లల బృందగానానికి రేడియో కూడా తోడ్పడినది. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా పేరుగాంచిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసులో బాలానంద సంఘాన్ని స్థాపించినారు. అటుపిమ్మట హైదరాబాదు కేంద్రంగా వారు సాగించిన కృషి వల్ల ఆటపాటలు, బృందగేయాలు తెలుగు పిల్లల ఇండ్లకు చేరినవి.

సామాజిక బృందాలు

మతంతోను, బడితోను సంబంధం లేని గాయక బృందాలకు తెలుగువారిలో ప్రజానాట్యమండలి (1943) ఒక ప్రారంభం. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో (1946-1951) బుర్రకథ, సామూహిక గేయం ప్రజలను కూడగట్టే సాధనాలైనవి.

స్వరమేళనంతో భారతీయ భాషల పాటలను పాడించే ప్రయత్నంలో అగ్రగణ్యుడు చిత్తూరులో జన్మించిన ఎం.బి. శ్రీనివాసన్ (1925-1988). మలయాళ చలనచిత్ర సంగీత దర్శకునిగా ప్రసిద్ధి పొందిన వీరు 1970ల తొలినాళ్లలో మద్రాసు యూత్ క్వయర్‌ను స్థాపించి, పలు భారతీయ భాషల గేయాలను బృందంచేత పాడించినారు. పాఠశాల ఉపాధ్యాయులకు సామూహిక గానంలో శిక్షణ ఇచ్చే జాతీయ కార్యక్రమాలలో కూడా వీరు కృషిచేసినారు. బృందానికి గొప్ప గాయకులు అక్కరలేదని, ఒకరి గొంతును మరొకరు వినే అలవాటు చాలునని ఆయన పద్ధతి నిరూపించినది.

సంఖ్యలో మిక్కిలి పెద్దదైన తెలుగు బృందగానం 2008 మే 10న సికింద్రాబాదు పెరేడ్ మైదానంలో జరిగినది. ప్రవాస తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర నిర్వహించిన ఈ లక్ష గళ సంకీర్తనార్చనలో లక్షకు పైగా గాయకులు అన్నమాచార్య సంకీర్తనలను ఒకే శ్రుతిలో పాడినారు.

తెలంగాణ రాష్ట్ర గీతం కూడా ఈ ప్రాంతానికి చెందిన కవి రచనయే. పూర్వపు వరంగల్లు జిల్లా రేబర్తి గ్రామంలో జన్మించిన అందెశ్రీ (1961-2025) రచించిన గీతాన్ని ప్రభుత్వం రాష్ట్ర గీతంగా స్వీకరించి, 2024 జూన్ 2న ఆవిష్కరించినది. దీనికి ఎం.ఎం. కీరవాణి సంగీతం సమకూర్చినారు. సభలలో పాడుటకు సుమారు రెండున్నర నిమిషాల రూపాన్ని నిర్ణయించినారు. నగరంలో కార్యక్రమాలకు హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ళ వేణుమాధవ్ ప్రాంగణం, 2024 నవంబరులో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం ముఖ్య వేదికలు.

నాయకుని విధులు

తెలుగు బృంద నాయకుడు పాశ్చాత్య పద్ధతిలో వలె చేత బెత్తం పట్టి బృందానికి ఎదురుగా నిలిచేవాడు కాదు. సాధారణంగా హార్మోనియం లేదా కీబోర్డు ముందు కూర్చొని, తల ఊపుతోను, కనుసైగతోను బృందాన్ని నడిపిస్తాడు. అతని ముఖ్య విధులు ఇవి.

* శ్రుతి నిర్ణయం: పురుషులకు సాధారణంగా ఒకటి, రెండు శ్రుతుల మధ్య, స్త్రీలకు ఐదు, ఆరు శ్రుతుల మధ్య పాడటం అనుకూలం. ఇద్దరూ కలిసి పాడేటప్పుడు మధ్యస్థమైన శ్రుతిని ఎంచి, పల్లవిని అందరికీ, పై స్థాయిలో నడిచే చరణాన్ని స్త్రీలకు, కింది స్థాయిలో నడిచే చరణాన్ని పురుషులకు పంచుతారు.
* ఎత్తుగడ: కొన్ని పాటలు తాళపు దెబ్బ పడిన తరువాత మొదలవుతాయి. ఇక్కడ బృందం తొందరపడటం సహజం. నాయకుడు ఊపిరి తీసుకొని చూపించగా అందరూ ఊపిరి తీసుకొని ఒక్కసారిగా ఎత్తుకోవలెను.
* ఉచ్చారణ: తెలుగు పదాలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి. చివరి అచ్చును ఒకరు సాగదీసి, మరొకరు తుంచినచో పాట చెదురుతుంది. ఒత్తులు, దీర్ఘాలు అందరి నోట ఒకేలా పలకవలెను.
* గొంతుల సమతూకం: పెద్ద గొంతు గలవారిని వెనుక వరుసలోను, శ్రుతి నిలకడ గలవారిని కొత్తవారి ప్రక్కన నిలుపుతారు.
* పిల్లల గొంతు రక్షణ: అరచి పాడటాన్ని మాన్పించవలెను. గొంతు మారే వయస్సులోని మగపిల్లలకు పై స్థాయి పాటలు ఇవ్వరాదు.

వరుసల పరిరక్షణ

కీర్తన తలకట్టున ఉండే రాగతాళాల పేర్లు వరుసను పూర్తిగా తెలుపలేవు. ఒకే రాగంలో, ఒకే తాళంలో అనేక వరుసలు కట్టవచ్చును. ఒకే కీర్తనను రెండు ఊళ్లలో రెండు విధాలుగా పాడటం ఇందువల్లనే సంభవిస్తున్నది. పాత వరుస తెలిసిన క్వయర్ మాస్టరు మరణించినచో, పుస్తకంలో ఆ కీర్తన ఉండియు పాడేవారు లేక మూలపడుతుంది. చలనచిత్ర బాణీలను పోలిన కొత్త పాటలు, ముందే ముద్రించిన వాద్యసంగీతంతో పాడే అలవాటు వచ్చిన తరువాత ఈ ప్రమాదం పెరిగినది. బతుకమ్మ పాటలకు, పాఠశాల గేయాలకు కూడా ఇదే పరిస్థితి వర్తిస్తుంది.

దీనికి మార్గాలు సులభమైనవే. పాటను స ర గ మ అక్షరాలతో తాళ విభజన చూపుతూ స్వరపరచి వ్రాసుకొనడం మొదటిది. పెద్దల చేత వాద్యం లేకుండా, పాడే ఊరి పేరు, నేర్పినవారి పేరు చెప్పించి పాడించి ముద్రించడం రెండవది. ఈ పనికి నేటి చేతి ఫోను చాలును. ప్రతి బృందంలోను కనీసం ఒక యువ గాయకునికి, ఒక యువ గాయనికి నడిపించే బాధ్యతను అప్పుడప్పుడు అప్పగించడం మూడవది. వ్రాసిన స్వరం వరుసను గుర్తుచేస్తుంది, ముద్రించిన గొంతు దాని నడకను చూపుతుంది. పాటను నిలిపేది మాత్రం దానిని మళ్లీ పదిమందికి నేర్పగల మనిషి.