ఏనుగులు మూడింతలైన రాత్రి

విజ్ఞానసర్వస్వం అన్న మాట వినగానే మనలో చాలామందికి ముందుగా తోచేది అట్టకట్టిన బరువైన సంపుటాలు, వాటి వెనుక ఒక పండితుడి జీవితకాలపు తపస్సు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి మూడు సంపుటాలు వెలువరించి, పని ఇంకా ఎంతో మిగిలి ఉండగానే 1923లో కన్నుమూశారు. అటువంటి గ్రంథంలో ఒక వాక్యం తప్పయితే బాధ్యుడెవరో పాఠకుడికి తెలుసు. పేరు అట్టమీదే ఉంటుంది. ఎవరైనా రాయగల, ఎవరైనా చెరపగల విజ్ఞానసర్వస్వంలో ఆ బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు నాకు తెలిసిన చక్కని జవాబు ఒక టెలివిజన్ హాస్య కార్యక్రమపు చరిత్రలో ఉంది. పండితులు రాసిన సిద్ధాంత వ్యాసాలలో కన్నా అందులోనే అది స్పష్టంగా కనబడుతుంది. అందుకే ఆ ముచ్చటను కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఇంగ్లీషు వికీపీడియా 2001 జనవరి 15న మొదలయింది. 2006 మార్చి 1న పదిలక్షల వ్యాసాల మైలురాయిని దాటింది. కీర్తి పెరిగిన కొద్దీ అపకీర్తీ పెరిగింది. అమెరికాకు చెందిన పాత్రికేయుడు జాన్ సీగెన్‌తాలర్ పేరిట ఉన్న వ్యాసంలో, కెనడీ సోదరుల హత్యలతో ఆయనకు సంబంధం ఉన్నట్టు ఎవరో ఒక అజ్ఞాత వ్యక్తి 2005 మే నెలలో రాసిపెట్టాడు. ఆ అబద్ధం నెలల తరబడి అక్కడే నిలిచింది. ఆ నవంబరులో సీగెన్‌తాలరే పత్రికలో వ్యాసం రాసి ఈ సంగతిని ఎండగట్టారు. ఆ దెబ్బతో డిసెంబరులో రెండు మార్పులొచ్చాయి. ఖాతా లేనివారు కొత్త వ్యాసాలు మొదలుపెట్టడానికి వీలు లేకుండా పోయింది. దుశ్చర్యలకు గురవుతున్న పేజీలను కొత్త ఖాతాల చేతికందకుండా ఉంచే పాక్షిక సంరక్షణ అనే పద్ధతి అమలులోకి వచ్చింది. ఖాతా తెరిచి నాలుగు రోజులు నిండనివారు అటువంటి పేజీని దిద్దలేరు. ఆ నాలుగు రోజుల గడువు ఎంత తెలివైనదో మరుసటి ఏడాది వేసవిలో తేలింది.

ఇక ఆ కార్యక్రమం. కామెడీ సెంట్రల్ అనే ఛానెల్‌లో 2005 అక్టోబరు 17న 'ది కోల్‌బేర్ రిపోర్' మొదలయింది. చివరి 'ట' లు రెండూ పలకకుండా ఫ్రెంచి పద్ధతిలో ఉచ్చరించడమే అందులో మొదటి హాస్యం. స్టీఫెన్ కోల్‌బేర్ అనే నటుడు అదే పేరు గల ఒక పాత్రను ధరిస్తాడు. ఆ పాత్ర ఒక అహంభావి అయిన వార్తా వ్యాఖ్యాత. పుస్తకాలన్నా, ఆధారాలన్నా అతనికి గిట్టదు. గుండెకు ఏది నిజమనిపిస్తే అదే నిజం అంటాడు. మొదటి భాగంలోనే ఈ స్వభావానికి 'ట్రూతీనెస్' అని ఒక పేరు పెట్టాడు. 2006 జనవరిలో అమెరికన్ డయలెక్ట్ సొసైటీ దానిని గడచిన సంవత్సరపు పదంగా ఎంచుకుంది. మన భాషలో చెప్పాలంటే అది సత్యం కాదు, సత్యంలా తోచేది.

2006 జూలై 31 రాత్రి ఈ పాత్ర వికీపీడియా మీద కన్నువేసింది. ఆ రాత్రి ఎత్తుకున్న మాట 'వికీయాలిటీ'. ఏ విషయాన్నయినా తగినంత మంది ఒప్పుకుంటే అది నిజమైపోతుందని దాని భావం. తన వాదానికి మొదటి ఉదాహరణగా కోల్‌బేర్ చూపింది తన కార్యక్రమం గురించిన విజ్ఞానసర్వస్వ వ్యాసాన్నే. ఆరెగాన్ రాష్ట్రాన్ని తాను కాలిఫోర్నియాకు కెనడా అన్నాడా, వాషింగ్టన్‌కు మెక్సికో అన్నాడా అన్నది జ్ఞాపకం లేక, అభిమానులు కూర్చిన ఆ వ్యాసంలో వెతుక్కున్నానన్నాడు. ఆపైన దానిని 'ఐడహోకు పోర్చుగల్' అని దిద్దేశానన్నాడు. తరువాత జార్జి వాషింగ్టన్‌కు బానిసలు లేరని రాశానన్నాడు. చివరకు ప్రేక్షకులకు ఒక పని అప్పగించాడు. ఏనుగుల వ్యాసం తెరిచి, ఆఫ్రికాలో ఏనుగుల సంఖ్య గత ఆరు నెలల్లో మూడింతలయిందని రాయమన్నాడు.

ప్రేక్షకులు మాట నిలబెట్టారు. ఏనుగుకు సంబంధించిన వ్యాసాల మీదికి ఒక దండే కదిలింది. ఈ వైపు కాపలా ఉన్నది జీతమూ బిరుదూ లేని మనుషులు. తిరగగొట్టడం, మళ్ళీ చూడడం, మళ్ళీ తిరగగొట్టడం వారి పని. చివరకు నిర్వాహకులు ఆ పేజీలను సంరక్షణలో పెట్టారు. ప్రసారానికి కొన్ని గంటల ముందే 'స్టీఫెన్‌కోల్‌బేర్' అన్న పేరుతో ఒక ఖాతా వాషింగ్టన్, ఆరెగాన్ వ్యాసాలలో చేయి పెట్టింది. ఆ ఖాతాను కూడా ఒక నిర్వాహకుడు నిలిపివేశాడు. ఒక ప్రసిద్ధుడి పేరుతో ఖాతా నడుస్తున్నప్పుడు, అది నిజంగా ఆయనదేనని రుజువయ్యే వరకూ నిలుపు చేయడం అక్కడి నియమం. వ్యక్తి ఎంత పెద్దవాడైనా, ఎంత నవ్వించేవాడైనా, నియమం అందరికీ ఒకటే.

ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే. నాకు ఆసక్తి కలిగించేది దీని తరువాతి ఘట్టం. నవ్వులు చల్లారాక సంపాదకుల ముందు ఒక ప్రశ్న నిలిచింది: ఈ సంఘటనను విజ్ఞానసర్వస్వంలో ఎక్కడ రాయాలి? అసలు రాయాలా?

తార్కికంగా చూస్తే ఇది చాలా అందమైన చిక్కు. 'ఏనుగులు మూడింతలయ్యాయి' అన్న వాక్యాన్ని ఏనుగు వ్యాసంలో పెడితే అది అబద్ధం. 'ఏనుగులు మూడింతలయ్యాయని రాయమని ఫలానా తేదీన ఫలానా పాత్ర చెప్పింది' అని హాస్య కార్యక్రమపు వ్యాసంలో పెడితే అది అక్షరసత్యం. మాటలు దాదాపు అవే, చోటు మారితే సత్యాసత్యాలు తారుమారయ్యాయి. ఐడహో సంగతి మరీ విచిత్రం. అతడు ఆరెగాన్‌ను పోర్చుగల్‌తో పోల్చాడన్నది ఆ రాత్రికి ముందు అబద్ధం. కార్యక్రమంలో ఆ మాట పలికిన క్షణం నుంచి అది నిజం. ఎందుకంటే ఆ కార్యక్రమంలో ఏమన్నారన్న దానికి ఆ కార్యక్రమమే మూలం. తన గురించి తాను చెప్పేటప్పుడు మాత్రం కోల్‌బేర్ సిద్ధాంతం పనిచేస్తుంది, ఏనుగుల దగ్గరకు వచ్చేసరికి పనిచేయదు. ఏనుగు ఎవరి అంగీకారంతోనూ పుట్టదు కదా!

ఇటువంటి సందర్భంలో సంపాదకులలో రెండు పక్షాలు ఏర్పడడం సహజం. పత్రికలన్నీ రాశాయి, లక్షల మంది చూశారు, కాబట్టి ఏనుగు వ్యాసంలోనూ ఒక ముక్క ఉండాలన్నది ఒక వాదం. ఏనుగు కోట్ల సంవత్సరాల వంశచరిత్ర గల జంతువు, దాని జీవితంలో ఒక టీవీ రాత్రికి ఏపాటి స్థానమన్నది మరొక వాదం. రెండో వాదానికి బలం ఇచ్చే సూత్రాలు అప్పటికే ఉన్నాయి. వ్యాసంలో ఒక అంశానికి దక్కే చోటు ఆ విషయంలో దానికున్న ప్రాధాన్యానికి తగినట్టుండాలి. విజ్ఞానసర్వస్వం తన గురించి తానే చెప్పుకోవడం వీలైనంత తగ్గించాలి. కడకు సంఘటన కార్యక్రమపు చరిత్రలో చేరింది. ఏనుగు వ్యాసం ఏనుగుకే మిగిలింది. ఇంతకంటె న్యాయమైన తీర్పు ఏ ధర్మాసనమైనా ఇచ్చేదా అని నాకనిపిస్తుంది.

అయితే కోల్‌బేర్‌ను దుశ్చర్యకారుడని కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. అతడు వేలు పెట్టిన చోట నిజంగానే పుండు ఉంది. వికీపీడియా నియమావళిలో ఆనాడు ఒక ప్రసిద్ధ వాక్యం ఉండేది. వ్యాసంలో చేరడానికి కావలసిన అర్హత సత్యం కాదు, నిర్ధారింపదగినది కావడం అని దాని తాత్పర్యం. విడిగా చదివితే ఇది కోల్‌బేర్ పాత్ర నోట వచ్చిన మాటలాగే ఉంటుంది! నిజానికి దాని ఉద్దేశం వేరు. నాకు నిజమని తెలుసు అన్న ఒక్క కారణంతో ఎవరూ ఏదీ రాయకూడదు, చదివేవాడు సరిచూసుకోగల మూలం చూపాలి అన్నదే అక్కడి అర్థం. కానీ అపార్థానికి తావిచ్చే ఆ నుడికారం మీద సంపాదకులు ఏళ్ళ తరబడి వాదించుకుని, 2012లో దానిని సడలించి తిరగరాశారు. వేళాకోళంలోని సారాన్ని గ్రహించి తమ మాటను తామే దిద్దుకోగలగడం చిన్న గుణం కాదు.

ఇక అతడు ఎంచుకున్న రెండు అబద్ధాలూ తేలికైనవి కావు. జార్జి వాషింగ్టన్ 1799లో చనిపోయేనాటికి ఆయన మౌంట్ వెర్నన్ ఎస్టేటులో 317 మంది బానిసలు ఉన్నారు. వారిలో 123 మంది స్వయంగా ఆయన సొత్తు. పదకొండేళ్ళ వయసులో తండ్రి నుంచి వారసత్వంగా బానిసలను పొందిన మనిషి ఆయన. ఒక్క మీట నొక్కి ఆ 317 మందినీ చరిత్రలోంచి తుడిచివేయవచ్చునన్నది హాస్యంగా చెప్పిన భయానక సత్యం. ఏనుగుల మాటా అంతే. 2007లో వెలువడిన అంతర్జాతీయ నివేదిక ఆఫ్రికా ఏనుగుల సంఖ్యను సుమారు 4,70,000 నుంచి 6,90,000 మధ్యగా అంచనా కట్టింది. ఆ తరువాత దంతాల వేటగాళ్ళు విజృంభించారు. 2016లో ప్రకటించిన మహా గణనలో 18 దేశాల్లో కలిపి లెక్కకు వచ్చిన సవానా ఏనుగులు 3,52,271. వాటిలో 15 దేశాలను పోల్చి చూస్తే 2007 - 2014 మధ్య 30 శాతం తగ్గిపోయాయి. 2021లో ఆఫ్రికా ఏనుగులను రెండు జాతులుగా విడదీసి, సవానా ఏనుగును ప్రమాదంలో ఉన్న జాతిగా, అడవి ఏనుగును తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అన్న మన సామెత దంతాల వ్యాపారికి ఎంత బాగా ఒంటబట్టిందో చూడండి! మూడింతలయ్యాయని రాసి ఉన్న పేజీ చదివిన పిల్లవాడు ఏనుగులకు ఏ ఆపదా లేదనుకుంటాడు. ఆ వాక్యాన్ని ఆ రాత్రి నిద్రమానుకుని చెరిపినవారు కాపాడింది ఒక పేజీనే కాదు.

హాస్య కార్యక్రమాల వ్యాసాల మీద తగవులు అంతటితో ముగియలేదు. టీవీ ధారావాహికలలో ఒక్కొక్క భాగానికీ, ఒక్కొక్క పాత్రకూ విడి వ్యాసం ఉండాలా, మూలాలు లేనివాటిని జాబితాలో కలిపివేయాలా అన్న వివాదం ముదిరి 2007 - 08లో రెండుమార్లు మధ్యవర్తిత్వ సంఘం దాకా వెళ్ళింది. పైకి చూస్తే ఇదంతా పనిలేనివారి పంచాయితీ. కానీ ఒక అభిమాని తాను ప్రేమించిన నాటకాన్ని గురించి రాసిన పది పేరాలను, మరొక స్వచ్ఛంద సేవకుడు మూలం లేదన్న కారణంతో తొలగించినప్పుడు ఇద్దరిలోనూ ఉన్నది ఒకే శ్రద్ధ. ఒకరిది విషయం మీద, మరొకరిది పద్ధతి మీద. విజ్ఞానసర్వస్వానికి ఇద్దరూ కావాలి.

మన సంగతికి వద్దాం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టింది. దాని చర్చావేదికకు రచ్చబండ అని పేరు పెట్టుకున్నాం. రావిచెట్టు కింద ఊరంతా కూర్చుని తీర్పు చెప్పుకునే చోటు అది. ఇంత చక్కని పేరు ఇంకే భాషవారికైనా దొరికిందో లేదో! అయితే మన చిక్కు తలకిందులుగా ఉంది. గుణ్ణం గంగరాజు నిర్మించిన 'అమృతం' 2001లో జెమినీ టీవీలో మొదలై 2007 దాకా తెలుగు ఇళ్ళను నవ్వించింది. అందులోని మాటలు అప్పజెప్పగలవారు ఈనాటికీ ఉన్నారు. కానీ దాని చరిత్రను మూలాలతో సహా రాయాలని కూర్చుంటే చేతికందే ముద్రిత ఆధారాలు బహు తక్కువ. సినిమాకు సమీక్ష రాసినట్టు టీవీ హాస్యానికి సమీక్షలు రాసే అలవాటు మన పత్రికలకు అంతగా లేదు. అక్కడ మూలాల వెల్లువలో అబద్ధాన్ని ఏరివేయడం పని. ఇక్కడ నిజానికి ఒక సాక్షిని వెతకడం పని.

కావలివారు తక్కువైతే ఏమవుతుందో స్కాట్స్ భాష అనుభవం చెబుతుంది. ఆ భాషలోని వికీపీడియాలో వేలాది వ్యాసాలను ఆ భాష రాని ఒక అమెరికా కుర్రవాడు, ఇంగ్లీషు మాటల వర్ణక్రమం మార్చి రాశాడని 2020 ఆగస్టులో బయటపడింది. అతడికి దురుద్దేశం లేదు. ఏళ్ళ తరబడి అది కాదయ్యా అని చెప్పే మనిషి లేకపోవడమే అసలు లోటు. ఏనుగుల వ్యాసానికి ఆ రాత్రి పదుగురు కావలి ఉన్నారు. చిన్న భాషలో ఒక వ్యాసానికి ఒక్కరైనా ఉంటే గొప్ప.

'ది కోల్‌బేర్ రిపోర్' 2014 డిసెంబరు 18న ముగిసింది. వికీయాలిటీ అన్న మాట మాత్రం మిగిలింది, దాని భయమూ మిగిలింది. పదిమంది ఆడేది నిజం అన్న నానుడి మనకూ ఉంది. కానీ ఆ చరిత్ర నాకు నేర్పింది వేరొకటి. పదిమంది ఒక మాట అనడంతో అది నిజం కాదు. ఆ పదిమందిలో ఒకడు లేచి ఆధారమేదని అడిగితే, మిగిలిన తొమ్మండుగురూ కోపగించుకోకుండా వెతకడం మొదలుపెడతారే, అక్కడ నిజానికి కాస్త చోటు దొరుకుతుంది. తెలుగులో నాలుగు మాటలు రాయగల మనవంటివారు వారానికి ఒక గంట ఆ రచ్చబండ మీద కూర్చోవడానికి ఇంతకంటె మంచి కారణం నాకు కనబడదు.