బొంబాయి దారిలో శంకర్‌పల్లి

హైదరాబాద్ నుంచి ముంబయికి విమానంలో ఎంతసేపంటే ఎవరైనా గంటన్నర లోపే అంటారు. రెండు విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన సుమారు 620 కి.మీ. హైదరాబాద్‌కు పడమట ఉన్న శంకర్‌పల్లి వాళ్లకు మాత్రం ఈ లెక్కలో చిన్న తిరకాసుంది. ముంబయి ఉన్నది పడమట. విమానం ఎక్కాలంటే పోవలసింది ఆగ్నేయంగా శంషాబాద్‌కు, అదీ జంట జలాశయాలను చుట్టుకుని. ఇంటి దగ్గర ఉన్నప్పుడే ముంబయికి దాదాపు 40 కి.మీ. దగ్గరగా ఉంటారన్నమాట!

రైలు అలా కాదు, ఊళ్లోంచే పోతుంది. బొంబాయి నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరు చేరి, మద్రాసు లైనుతో కలిసింది. నిజాం రాజధానిని మాత్రం దూరంగా వదిలేసింది. దాంతో మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉండగా ఆ లైను మీది వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు వేరే లైను వేసి 1874లో రైళ్లు నడిపారు. సొమ్ము నిజాం సర్కారుది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌కు రైలు కావాలన్న తొందర మాత్రం ఇంగ్లిషు వాళ్లది. ఆ లైను మీదే శంకర్‌పల్లి స్టేషన్.

పటం ముందేసుకుంటే ఆ లైను వంకర తెలుస్తుంది. ముంబయి పడమట, కాస్త ఉత్తరంగా ఉంటే, రైలు ముందు నైరుతిగా వాడికి దిగి, అక్కణ్నుంచి కలబురగి, షోలాపూర్, పుణె మీదుగా పైకి ఎక్కుతుంది. 620 కాస్తా 790 అవుతుంది. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌కు ఇప్పటికీ 14 గంటల పైమాటే.

ఆకాశయానం ఇక్కడివాళ్లకు ఆలస్యంగా ఏమీ రాలేదు. టాటాలతో కలిసి నిజాం ప్రభుత్వం 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టింది. బేగంపేట నుంచి డకోటాలు ఎగిరేవి. గంటకు 300 కి.మీ. అటూఇటూ పోయే ఆ విమానానికి బొంబాయి రెండు గంటల పైచిలుకు దూరం. 1953 జాతీయీకరణలో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

మరి ఇప్పటి జెట్ గంటకు 800 కి.మీ. పైనే పోతుంది కదా, ముప్పావుగంటలో ఎందుకు దిగదు? టైంటేబుల్లో రాసేది గాల్లో ఉన్న సేపు ఒక్కటే కాదు. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, కిందికి దిగడం, గేటు చేరడం అన్నీ అందులోవే. ముంబయిలో రెండు రన్‌వేలూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి కాబట్టి ఒకసారి ఒకటే వాడతారు. రద్దీ వేళ విమానాలు వంతు కోసం గాల్లోనే చక్కర్లు కొడతాయి. చలికాలంలో పడమటి గాలి వెనకనుంచి తోస్తే తిరుగు ప్రయాణం మాత్రం కాస్త ముందే ముగుస్తుంది.

అసలు నష్టం 2008 మార్చిలో, విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు జరిగిందని నా లెక్క. బేగంపేట రైల్వేస్టేషన్ కూడా ఈ వాడి లైను మీదదే. అంతకుముందు శంకర్‌పల్లిలో రైలెక్కినవాడు విమానాశ్రయం దాపులోనే దిగేవాడు. శంషాబాద్‌కు ఆ వీలు లేదు. ఇంటి నుంచి కారు, రెండు గంటల ముందే హాజరు, ప్రయాణం, అవతల ముంబయి ట్రాఫిక్ అన్నీ కలిపితే ఆరు గంటలు ఇట్టే పోతాయి. అదే మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్‌కు ఇదే లైను మీద ముందున్న వికారాబాద్‌లో ఎక్కినవాడైతే రాత్రంతా పడుకుని తెల్లారేసరికి ముంబయిలో ఉంటాడు. అక్కడ పొద్దున్నే పని ఉన్న శంకర్‌పల్లి మనిషికి నేనైతే రైలే చెబుతాను.