దిగితేనే ఎక్కగలిగే గోడ

రైలింగు మీద వంగి చూడగానే రాబందుల వీపులు కనబడతాయి. తలెత్తి చూడాల్సిన పక్షులు మన పాదాలకు చాలా కింద, రెక్క కదపకుండా తేలుతున్నాయి. వాటికి ఇంకా కిందెక్కడో ఆకుపచ్చని నది. పేరు వెర్దోన్. ఫ్రాన్స్ ఆగ్నేయాన, ప్రొవాన్స్ సున్నపురాతి కొండల్ని కోసుకుంటూ అది సుమారు 25 కిలోమీటర్ల లోయను చేసుకుంది. కొన్నిచోట్ల లోతు 700 మీటర్లు. మేం నిలబడింది లా పాలూ ఊరి నుంచి చుట్టి వచ్చే రూట్ దె క్రెట్ అనే కొండరోడ్డు మీద, లా కారెల్ దగ్గర. కార్లు ఆగుతున్నాయి, జనం దిగి ఫొటోలు తీసుకుని వెళ్లిపోతున్నారు. మా నడుముల దగ్గర కొక్కేల గలగల విని ఓ చిన్నపాప వాళ్లమ్మ చెయ్యి లాగి మమ్మల్ని చూపిస్తోంది. మేం రైలింగు దాటాం.

ఏ గోడకైనా ముందు కింద నిలబడి పైకి చూస్తాం. ఎక్కాలా వద్దా అని కాసేపు తేల్చుకుంటాం, ఒంట్లో బాగోకపోతే తిరిగొచ్చేస్తాం. ఎస్కాలెస్ అనే ఈ గోడ దగ్గర ఆ వెసులుబాటు లేదు. రోడ్డు పైనుంది, కారు పైనుంది, అన్నం కూడా పైనే. 300 మీటర్ల గోడలో కొంతదూరం దిగితే చెట్లు మొలిచిన ఒక అరుగు వస్తుంది. క్లైంబర్లు దాన్ని ఉడుతల తోట అంటారు. అక్కడిదాకా తాడు మీద దిగి, ఆ తాడును లాగేసుకుని, చేతులతో కాళ్లతో వెనక్కి రావాలి.

గోడ అంచున రాతిలో దిగేసిన ఉక్కు రింగుల్లోంచి తాడు దూర్చాం. నాతో వచ్చింది హన్మకొండ కుర్రాడు, గ్రెనోబుల్‌లో చదువుకుంటున్నాడు.

"అన్నా, కొసలకు ముళ్లు వేశావా?"

"రెండింటికీ వేశాను. నువ్వొకసారి చూడు."

వాడు తాడు పైకి లాగి, రెండు ముళ్లనూ చేత్తో నొక్కి చూశాకే వదిలాడు. ఈ చూడటంలో మొహమాటానికి చోటు లేదు. ఇలాంటిదే మరో సున్నపురాతి లోయ మెక్సికోలో ఉంది, ఎల్ పోత్రేరో చీకో. 2019 నవంబరులో అక్కడ బ్రాడ్ గోబ్రైట్ అనే అమెరికన్ క్లైంబరు దిగుతూ చనిపోయాడు. ప్రపంచంలోని కష్టమైన గోడలెన్నో ఎక్కినవాడు. ఆ రోజు తాడు రెండు కొసలూ సమానంగా లేవు, చివర ముడి లేదు. ముడి వేయడానికి అరనిమిషం పడుతుంది. ఈ ఆటలో నేను అన్నిటికన్నా విలువిచ్చేది ఆ అరనిమిషానికే.

బరువంతా తాడు మీద వేసి వెనక్కి వాలాను. పాదాలు గోడకు ఆనించి, కుడిచేత్తో తాడు కొద్దికొద్దిగా వదులుతుంటే మనుషుల మాటలు పైన ఆగిపోయాయి. ముఖానికి జానెడు దూరంలో రాయి. దూరం నుంచి బూడిదరంగుగా అనిపించిన గోడలో దగ్గరికొస్తే నీలిచారలున్నాయి, తేనెరంగు మచ్చలున్నాయి, వేలెడు లోతు గుంటలున్నాయి. దాదాపు 15 కోట్ల ఏళ్ల కిందట, జురాసిక్ కాలంలో, ఇది వెచ్చని లోతులేని సముద్రంలో పగడపు దిబ్బ. తర్వాత భూమి పైకి లేచింది, నది కోసింది, వాన మిగతా పని చేసింది. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువు కలిసిన నీరు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. మన బెలుం గుహల్ని తొలిచింది కూడా అలాంటి నీరే. తాడిపత్రి, బేతంచెర్ల నాపరాళ్ల మీద నడిచి పెరిగినవాళ్లం, ఆ రాయి వేళ్లకు పట్టునిస్తుందని ఇక్కడికొచ్చేదాకా నాకు తట్టలేదు. భువనగిరి గుట్ట మీద నేర్చుకున్న చేతులకైతే ఇది పూర్తిగా కొత్త పాఠం. అక్కడి గ్రానైట్‌లో బూటు అడుగును నమ్ముకుని, అరచేతుల్ని రాతికి ఒత్తి నిలబడతాం. ఇక్కడ చూపుడువేలూ మధ్యవేలూ గుంటలోకి దించి, అంచును కొనగోళ్ల దాకా వెతికి పట్టుకోవాలి. ఆ అంచులు పదును. మధ్యాహ్నానికి వేళ్ల చర్మం పలచబడిపోతుంది.

అరుగు మీద కాళ్లు ఆనాయి. నన్ను నేను రింగుకు కట్టుకుని, తాడు వదిలించుకుని, "లిబ్ర్!" అని గట్టిగా అరిచాను. తాడు ఖాళీ అయిందని పైవాడికి చెప్పే ఫ్రెంచి కేక అది. వాడూ దిగాడు. కొసల ముళ్లు విప్పి ఇద్దరం కలిసి తాడు లాగాం. ఒక కొస పైకి పాకుతూ పోయి కనుమరుగైంది, ఒక్క క్షణం ఏమీ లేదు, ఆ తర్వాత సర్రుమని తాడంతా మా మీదికి వచ్చి పడింది. ఇక ఇంటికి దారి పైకే.

ముందు నేను కదిలాను. మొదటి బోల్టు తేలిగ్గానే అందింది. క్విక్‌డ్రా అనే జంటకొక్కెం తగిలించి, తాడు అందులో వేసి, రెండో బోల్టు కోసం చూశాను. ఎంతో పైన, చిన్న మెరుపు. వెర్దోన్‌లో బోల్టుకూ బోల్టుకూ దూరం ఎక్కువ. 1968లో ఫ్రాన్సువా గియ్యో, జోయెల్ కొకెన్యో లా దెమాండ్ అనే దారిలో ఈ గోడ ఎక్కినప్పుడు అడుగు నుంచే వచ్చారు, పగుళ్లను పట్టుకుని. 1970లలో కొందరు పైనుంచి తాడు మీద దిగి, పగుళ్లు లేని నున్నటి బూడిదరంగు పలకల్ని పరీక్షించి, బోల్టులు బిగించారు. అది మోసమని, పర్వతారోహణకు మచ్చని గొడవలు జరిగాయి. నాకు మాత్రం ఆ మనుషుల మీద గౌరవం. ఎండలో గంటల తరబడి హార్నెస్‌లో వేలాడి, ముఖం కూడా తెలియని రేపటివాడి కోసం ఒక దారి వేసి వెళ్లారు. ఈ రోజు ప్రపంచమంతా స్పోర్ట్ క్లైంబింగ్ అంటున్నదానికి ఇలాంటి ఫ్రెంచి గోడల మీదే రూపం వచ్చింది. 1980లలో ప్యాట్రిక్ ఎడ్లింజే ఈ రాతి మీద కదిలే తీరును సినిమాల్లో చూసి ఎందరో ఈ దారి పట్టారు. ఆయన చివరి ఏళ్లు గడిపింది కూడా లా పాలూలోనే.

రెండో బోల్టు ఇంకా అందలేదు. ఎడమచేతి రెండు వేళ్లు ఒక గుంటలో ఉన్నాయి. కుడికాలు మోకాలెత్తు గుంటలో పెట్టాను. పాదం కింది బోల్టు దాటి చాలా పైకి వచ్చేశాను. ఇప్పుడు జారితే ఆ దూరానికి రెండింతలు పడతాను. పిక్కలు కుట్టుమిషను సూదిలా ఆడుతున్నాయి. మడమ కిందికి దించి, ఊపిరి పూర్తిగా వదిలి, తుంటిని గోడకు దగ్గరగా తెచ్చాను. బరువు వేళ్ల నుంచి కాలికి మారింది. వణుకు తగ్గింది. కుడిచెయ్యి చాచితే బోల్టు. కొక్కెం టక్కుమంది.

"సూపర్ అన్నా!" కింద నుంచి వినబడింది. తర్వాత గాలి లేచి ఇంకేమీ వినబడలేదు. మిగతా మాటలన్నీ తాడు మీద గుంజుళ్లే.

యాంకరు దగ్గర వేలాడుతూ వాణ్ని పైకి రప్పిస్తున్నప్పుడు ఒక రాబందు మా ఎత్తుకు వచ్చింది. ఈసారి మెడ మీది తెల్లని నూగు, ఇటు తిరిగిన కన్ను కూడా కనబడ్డాయి. ఇక్కడ అంతరించిపోయిన ఈ గ్రిఫన్ రాబందుల్ని 1999 నుంచి రూగోన్ ఊరి దగ్గర మళ్లీ వదిలారు. ఈ లోయకు వాటిని తిరిగి తెచ్చినవాళ్లకు దండం పెట్టాలి.

పైపలక వాడి వంతు. ఎండ గోడ వదిలి పోయింది, రాయి చల్లబడి పట్టు బాగుంది. నేను అంచు దాటేసరికి వాడు చెట్టుకు కట్టుకుని కూర్చుని తాడు చుడుతున్నాడు.

"రేపు లా దెమాండ్ వెళ్దామా అన్నా? అడుగు నుంచి."

"పొద్దున్నే కూలోర్ సాంసోన్ దగ్గర దిగి, సొరంగాలు దాటి నడవాలి. పైన చిమ్నీ పగుళ్లలో బోల్టులు ఇంకా దూరం."

"తెలుసు. నీళ్లు నాలుగు లీటర్లు పెట్టుకుందాం."

"నాలుగు చాలవు, ఆరు," అన్నాను.